బున్‌హి బదులు పని

మిరప చేలో మేంగ్ బున్‌హి పనితనం మా ఊళ్లో ఇంకెవరికీ రాలేదు. మంచు ఆరేదాకా సాళ్లలోకి దిగదు, ఎవర్నీ దిగనివ్వదు. ఆ తర్వాత మచ్చ పడ్డ కాయల్ని తొడిమెలతో సహా కోసి, చేనికి దూరంగా గుంట తీసి పూడుస్తుంది.

ఆమె భర్త పురుగుమందు కొడుతూ గట్టుమీదే కూలి చనిపోయాడు. ఆ ఏడే ఆమె స్ప్రేయరు అమ్మేసింది. మూడేళ్లు మందు చుక్క తగలకపోతే సేంద్రియ సర్టిఫికెట్ ఇస్తారు. చేను గట్టున ‘మందు కొట్టరాదు’ అని బోర్డు పాతి, ఆ సర్టిఫికెట్ కోసమే ఎదురుచూసింది.

మూడో ఏడు వానాకాలంలో మోకాలి ఆపరేషన్‌కు పట్నం వెళ్లి, పదో రోజున తిరిగొచ్చింది. చేలో మచ్చ లేదు. ఆకులమీద తెల్లటి చారలున్నాయి.

పక్క చేను దల్సుది. అతను బున్‌హి భర్తకు చిన్ననాటి స్నేహితుడు.

"దల్సూ, నా చేలో ఏం కొట్టావు?"

"అదా వదినా! వారం రోజులు ముసురు. నీ చేనంతా కాయకుళ్లు. నన్ను టీవీ చూస్తూ కూర్చోమంటావా? నా చేనికి కొట్టేదానికంటే ఖరీదైన మందే కొట్టాన్లే."

"బోర్డు చూళ్లేదా?"

"బోర్డు కాయలు కాస్తుందా ఏంటి?" అని నవ్వి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మా ఊళ్లో మంచాన పడ్డవాళ్ల చేను పాడవుతుంటే చూస్తూ పోయేవాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు. ఆ సంగతి బున్‌హికీ తెలుసు.

సర్టిఫికెట్ తనిఖీకి వచ్చిన అమ్మాయి కాయలు కోసి సంచిలో వేసుకుంటుంటే దల్సు గుసగుసలాడాడు. "నా చేలోంచి మందు గాలికి పడిందని చెప్పు వదినా. తప్పు నామీదికి పోతుంది."

బున్‌హి గట్టున దొరికిన ఖాళీ సీసా తెచ్చి ఆ అమ్మాయికిచ్చింది. "గాలికి కాదమ్మా. చేనంతా కొట్టారు. రాసుకో."

"ఎవరు కొట్టారు నానమ్మా?"

"చేను నాది. నా పేరే రాసుకో."

మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బై నాలుగు. బోర్డు తనే పీకి కొట్టంలో పెట్టింది.

ఒక పూట పని చేసినవాళ్లకు ఒక పూట పని తిరిగి చెయ్యాలి. మా దగ్గర ఈ బదులు పని ఎవరూ అడగరు, ఎవరూ ఎగ్గొట్టరు. శరదృతువులో దల్సు తన క్యాబేజీకి మందు కొట్టడానికి ఒంటరిగా తిప్పలు పడుతుంటే, బున్‌హి చేతికర్ర పట్టుకుని వచ్చింది.

"వద్దు వదినా. నువ్వు మాత్రం ఈ పని చెయ్యకు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఒక పూట చేశావుగా. కొట్టు, గొట్టం నేను లాగుతా."

కర్ర గట్టుమీద పడేసి, మోకాలు ఈడ్చుకుంటూ చివరి సాలుదాకా గొట్టం మడత పడకుండా లాగింది. గాలి ఆమెవైపే వీస్తోంది.