అక్క తవ్విన అడ్డమోరి

"పెద్దమ్మ పోయిందమ్మా" అని మా పెద్దోడు ఫోన్ చేసినప్పుడు నేను మక్తల్‌లో మా బిడ్డ ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. వాడి గొంతు వెనక వాన చప్పుడు వినిపించింది. నేను ఏడవలేదు. ఎట్లా పోయిందని కూడా అడగలేదు. "నల్లగొండల వాన వడ్తాందారా? నీళ్లు లోపటికొచ్చినయా?" అన్నాను. వాడు తలుపు తీసి వాకిట్లోని కాల్వను చూసొచ్చాడు. "రాలేదమ్మా. మోరిలకే వోతున్నయి" అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఫోన్ ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు.

పిల్లలకు పెద్దమ్మ, నాకు అక్క. తోడబుట్టిన అక్క కాదు, తోటికోడలు. ఆమె భర్తను, అంటే మా బావను, జైల్లో వేశారు. అక్కడి నుంచి జబ్బుతో ఇంటికి వచ్చాడు కానీ ఎక్కువ కాలం బతకలేదు. ఆమెకు పిల్లలు లేరు. నా కొడుకునే తన కొడుకనుకుని బతికింది. తోటికోడళ్లన్నాక మాటపట్టింపులు ఉంటాయి, మాకూ ఉన్నాయి. పప్పులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి పుట్టింటి దాకా పోయేవాళ్లం. కానీ ఆకాశంలో మబ్బు పట్టిందంటే ఇద్దరం ఒక్కటైపోయేవాళ్లం. ఎందుకో పిల్లలకు అర్థమయ్యేది కాదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరి ఇంటికి పోయినా, పెళ్లి ఇల్లయినా సరే, చెంబుతో నీళ్లు తెచ్చి గడప ముందు పోసేది. చేతులు నడుముకు పెట్టుకుని ఆ నీళ్లు ఎటు పోతాయో చూసేది. బయటికి పోతే తృప్తిగా లోపలికి వచ్చేది. ఇంటివైపు వస్తే ఆ ఇంటివాళ్లకు ఆ పూట మనశ్శాంతి ఉండేది కాదు. మా బిడ్డకు సంబంధం చూడటానికి పోయినప్పుడు కూడా అట్లాగే చేసింది. పిల్లగాడి తల్లి ఏదో శాంతి చేస్తున్నారనుకుని ఇంకో చెంబు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ మాట చెప్పుకుని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ చెంబు వెనక ఉన్న భయం నాకు తెలుసు. అది తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, అందుకే ఇది రాస్తున్నాను.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన తరువాతి వానకాలం అది. మా ఇల్లు అప్పుడు నార్కట్‌పల్లి దగ్గర పెద్దరోడ్డు పక్కనే ఉండేది. మా ఆయన సంఘంలో, కమ్యూనిస్టుల వెంట ఉన్నాడు. ఆయన కోసం మిలిటరీ వాళ్లు ఊరూరా వెతుకుతున్నారు. నాకు తొలిచూలు. దారులు మంచిగా లేవని పుట్టింటికి పంపలేదు, అత్తగారింట్లోనే పురుడు. అత్తమామలు అప్పటికే లేరు, బావ జైల్లో ఉన్నాడు. నొప్పులు మొదలైన సంగతి ఎవరు చేరవేశారో, మా ఆయన తెల్లారకముందే వచ్చి వాకిట్లో ఉన్న పాతరలో దిగాడు. పాతర అంటే జొన్నలు దాచే గొయ్యి. మనిషి నిలబడితే తల మునిగేంత లోతు, పైన మూత బండ. ఆ ఏడు అది ఖాళీగా ఉంది. బండ మీద మట్టి పూసి, పైన పిడకల కుప్ప పేర్చింది అక్క. గాలి కోసం బండ అంచున సందు వదిలి, పగిలిన కుండ మూతిని పిడకల నడుమ పెట్టింది. ఒక్క రోజుంటాడు, బిడ్డ ముఖం చూసి పోతాడు అనుకున్నాం.

ఆ పొద్దే మిలిటరీ క్యాంపు వాళ్లు వచ్చి మా ఇల్లు తీసుకున్నారు. ముందు గదులు, అరుగు వాళ్లకు. వెనక రెండు గదులు మాకు. ఎక్కడెక్కడో వెతుకుతున్న మనిషి వాళ్ల కాళ్ల కిందే ఉన్నాడు.

బిడ్డ పుట్టాడు. వాడు ఏడ్చినప్పుడల్లా ఆ ఏడుపు పాతరలోకి వినిపిస్తుందని సంతోషపడాలో, విని ఆయన ఆగలేక పైకి వస్తాడని భయపడాలో తెలిసేది కాదు. నాకు పాలు ఎండిపోయాయి. పిడకల కోసం పోయే వంకతో అక్క రోజూ గంపలో రొట్టె, సొరబుర్రలో నీళ్లు తీసుకుపోయి ఆ సందులోంచి లోపలికి జారవిడిచేది. తిరిగి రాగానే పిండి ముందేసుకుని కూర్చునేది.

ఇంతలో డాంబరు వచ్చింది. వానకు వాళ్ల జీపు మా వాకిట్లో బురదలో దిగబడిపోయింది. రోడ్డు పని చేసేవాళ్ల దగ్గర డాంబరు పీపాలు ఉంటే, పెద్దరోడ్డు నుంచి మా అరుగు దాకా మొరం పోసి, ఎత్తు చేసి, డాంబరు వేయించారు. నల్లగా, నున్నగా ఉంది దారి. చుట్టుపక్కల ఏ ఇంటికీ అట్లాంటి దారి లేదు. ఊరివాళ్లు వింతగా చూసి పోయారు.

పాతర ఎప్పుడూ మెరక జాగలోనే తవ్వుతారు, నీళ్లు దిగకూడదని. కానీ దారి ఎత్తు పెరిగేసరికి మా మెరక కాస్తా పల్లమైపోయింది. ఇది మాకెవరికీ తట్టలేదు. మొదటి పెద్దవాన పడ్డ పొద్దున, పెద్దరోడ్డు మీది నీళ్లన్నీ డాంబరు మీద జారుకుంటూ వచ్చి అరుగును కొట్టి, అక్కడి నుంచి పిడకల కుప్పవైపు తిరిగాయి. మట్టి నేలయితే కొంత తాగేది. డాంబరు చుక్క కూడా తాగదు. నేను కిటికీలోంచి చూస్తూ బిడ్డను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, వాడు కేకపెట్టాడు.

వాన వెలిశాక అక్క గంపతో పోయి వచ్చింది.

"మోకాళ్లదాక వచ్చినయంట" అంది నా చెవిలో. "ఇంకో వానొస్తే నిలబడే జాగ ఉండదు వదినా అంటుండు."

"బయటికి తీద్దామక్కా."

"యాడికి తీస్తవ్? అరుగు మీద తుపాకులు వెట్టుకొని కూసున్నరు."

పడమట మళ్లీ మబ్బు లేస్తోంది.

అరుగు మెట్ల దగ్గర నిలిచిన నీళ్లు క్యాంపు వాళ్లకూ చిరాకు తెప్పించాయి. వాళ్ల జమేదారు వాకిట్లోకి దిగి చుట్టూ చూశాడు. పెద్ద మీసాల మనిషి, ఎక్కడో ఉత్తరాది వాడు. ఉర్దూలో మాట్లాడితే మాకు అర్థమయ్యేది. నీళ్లు ఎటు పోతున్నాయో చూసుకుంటూ నేరుగా పిడకల కుప్ప దగ్గరికి నడిచాడు. కర్రతో నేల మీద కొట్టాడు. "యే సబ్ హటావ్. యహా గడ్డా ఖోదో" అన్నాడు. ఈ పిడకలన్నీ తీసేసి, ఇక్కడే గుంత తవ్వి నీళ్లు అందులోకి వదలమని. ఒక సిపాయి గడ్డపార తేవడానికి పోయాడు.

నేను మంచం మీద నుంచి లేవబోయి లేవలేకపోయాను. అయిపోయింది అనుకున్నాను. మా ఆయన ఆ కర్ర చప్పుడు కింద నుంచి వింటున్నాడు. ఆయన తరువాత చెప్పిన మాట ఇది: ఆ చప్పుడుకు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడట.

అక్క వంటింట్లోంచి వచ్చింది. కొంగు నెత్తిన వేసుకుని, పోయి పిడకల కుప్పకు అడ్డంగా నిలబడింది.

"ఆడ తవ్వొద్దు సాబ్. మా చెల్లె కొత్త బాలింత. బిడ్డ మాయ గాడనే పాతిన. గడ్డపార తాకితే పసిపోరనికి గండం."

అబద్ధం. మాయ పాతింది ఇంటి వెనక, చింతచెట్టుకు ఇవతల. మా దగ్గర కాన్పయినాక మాయను కుక్కలు పీకకుండా లోతుగా పాతుతారు, ఆ చోట ఎవరూ పార పెట్టరు. జమేదారుకు మొదట అర్థం కాలేదు. అక్క సిగ్గు విడిచి కడుపు మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పింది. అప్పుడు అర్థమైంది. పెద్ద మీసాల మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సిపాయిలు రెండడుగులు వెనక్కి జరిగారు. ఆడవాళ్ల పురిటి మాట వింటే మగవాళ్లు ఎక్కడి వాళ్లయినా ఒక్కతీరే.

"మరి పానీ?" అన్నాడు.

"నేను జూస్త సాబ్. జర మీ గడ్డపార ఇయ్యండ్రి."

బిందెడు నీళ్లు తెచ్చి దారి మొదట్లో, పెద్దరోడ్డు దగ్గర పోసింది. వంగి చూసింది. ఇంకో బిందె తెచ్చి కొంచెం కిందగా పోసింది. నీళ్లు ఒకచోట కాస్త చేనువైపు ఒరిగి, మళ్లీ మనసు మార్చుకుని ఇంటివైపు వచ్చాయి. ఆ ఒరిగిన చోట ముగ్గు తెచ్చి డాంబరు మీద ఏటవాలుగా గీత పోసింది. ఆ గీత వెంబడి తనే గడ్డపార వేసింది. తాజా డాంబరు ఇంకా గట్టిపడక పెళ్లలుగా లేచింది. దారికి అడ్డంగా చిన్న మోరి తవ్వి, చేనువైపు వాలు చేసి, అడుగున షాబాదు బండ ముక్కలు పరిచింది. అంచులు కరగకుండా పీపాలో మిగిలిన డాంబరు కాచి పోసింది. మోరికి ఇంటివైపు అంచును వేలెడంత ఎత్తు చేసింది. జీపు పోవడానికి పైన రెండు బండలు వేసింది. చేస్తున్నంతసేపూ అరుగు మీద వాళ్లు చూస్తూనే ఉన్నారు. ఆమె ఒక్కసారి కూడా పిడకల కుప్పవైపు తల తిప్పలేదు. నేను మాత్రం అటే చూస్తున్నాను, అటు చూడొద్దని నాకు నేను చెప్పుకుంటూ.

పని అయ్యాక జమేదారు లోపలికి పోయి ఒక పాలపొడి డబ్బా తెచ్చి "బచ్చే కే లియే" అని, బిడ్డ కోసమని ఆమె చేతిలో పెట్టాడు. ఆ డబ్బా నా మంచం దగ్గర పెట్టి అక్క గోడకు చేరగిలబడింది. మెచ్చుకుని ఇచ్చాడో, పసిగట్టి ఇచ్చాడో మాకు తెలియదు. తిట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఇప్పటికీ తెలియదు.

సాయంత్రానికి వాన దిగింది. మొదటిదానికంటే పెద్దది. అక్క వచ్చి నా పక్కన కిటికీ దగ్గర నిలబడి నా చెయ్యి పట్టుకుంది. నీళ్లు డాంబరు మీద పరుగెత్తుకుంటూ వచ్చాయి. మోరి దగ్గర ఒక్క క్షణం ఉబ్బి నిలిచాయి. దాటుతాయి అనుకున్నాను. అక్క గోళ్లు నా అరచేతిలో దిగాయి. నీళ్లు పక్కకు తిరిగి చేనులోకి పోయాయి. బిడ్డకు పాలు పట్టబోతే, ఎన్నాళ్ల తరువాతో, నాకే పాలు వచ్చాయి.

క్యాంపు ఇంకో ఊరికి తరలిపోయేదాకా మా ఆయన ఆ గోతిలోనే ఉన్నాడు. పైకి తీసినప్పుడు వెలుతురుకు కళ్లు తెరవలేకపోయాడు. కొడుకు ముఖాన్ని వేళ్లతో తడిమి చూసుకున్నాడు. ఆ తరువాత ఆయన చాలా కాలం బతికాడు, మనవళ్లను ఎత్తుకున్నాడు. ఏటా తొలి వానకు ముందు చెంబెడు నీళ్లు తెచ్చి అక్క ముందు పెట్టేవాడు. వదినకు ఆయన చెప్పుకున్న కృతజ్ఞత అదే.

మేం నల్లగొండలో ఇల్లు కట్టుకున్నాక కూడా అక్క మమ్మల్ని వదల్లేదు. మా వీధిలో పాత డాంబరు చెక్కకుండానే మీద కొత్త డాంబరు పోస్తూ పోయారు. రోడ్డు లేచింది, మా ఇల్లు పల్లంలో పడింది. గేటు నుంచి గడప దాకా మేం వేయించుకున్న డాంబరు దారి నీళ్లను నేరుగా లోపలికి తెచ్చేది. అక్క ముసలితనంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, ముగ్గు గీత పోసి, దగ్గరుండి అడ్డమోరి కొట్టించింది. మొదటిసారి వాలు తప్పి నీళ్లు పక్కింటివాళ్ల వంటింట్లోకి పోయాయి. వాళ్లు తగువుకు వచ్చారు. వాళ్లకంటే ముందు అక్కే మమ్మల్ని తిట్టి, వాళ్లింటికి పోయి నీళ్లు తోడి, మోరిని మళ్లీ రోడ్డువైపు తిప్పించింది. "నీళ్లకు భయం ఉండది బిడ్డా. మనకే ఉండాలె" అనేది మా పెద్దోడితో. అదేదో ముసలామె చాదస్తమనుకునేవాడు వాడు.

నేను నల్లగొండ చేరేసరికి వాన వెలిసింది. గేటు లోపల, ఆ దారి మీదే బల్ల వేసి అక్కకు ఆఖరి స్నానం చేయిస్తున్నారు. మా పెద్దోడికి అరవై దాటాయి. వాడికి గండమని చెప్పే అక్క ఆ రోజు గడ్డపారకు అడ్డం నిలబడింది. వాడు బిందె ఎత్తి పెద్దమ్మ మీద నీళ్లు పోశాడు. పసుపు కలిసిన నీళ్లు బల్ల మీది నుంచి జారి, డాంబరు మీద పడి, గడపవైపు పరుగెత్తాయి. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. నా పక్కన చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ లేరు. నీళ్లు అడ్డమోరి దగ్గర ఉబ్బి, ఒక్క క్షణం నిలిచి, పక్కకు తిరిగి వెళ్లిపోయాయి.