తవిటమ్మ పెట్టిన రెండు కుండలు

సంఘం గదిలో మూలనున్న బీరువా తలుపు తీయగానే ఎండు అరటి దొప్పల వాసన వచ్చింది. వడకడానికి సిద్ధం చేసిన దూది ఏకులను మా ఊళ్లో ఆ దొప్పల్లోనే చుట్టి దాస్తారు. ఆ వాసన కింద సన్నగా చేప వాసన కూడా ఉంది. గింజ చుట్టూ ఉన్న దూదిని మా ఆడవాళ్లు వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. దువ్వెనకన్నా సన్నటి పళ్లు దానివి. పొందూరు చుట్టుపక్కల పుట్టినవాడికి తప్ప ఈ రెండు వాసనలూ ఒకచోట ఎందుకుంటాయో అర్థం కాదు. వచ్చే ఆదివారం మా వడుకు, నేత కార్మికుల సంఘానికి అధ్యక్షుడి ఎన్నిక. బీరువాలో ఉన్న రెండు మట్టి కుండలు బయటికి తీయడానికి వెళ్లాను. అప్పుడు తవిటమ్మ పెద్దమ్మ నా పక్కనే నిలబడి, కుండలు జాగ్రత్తరా అన్నట్టే అనిపించింది. ఆవిడ పోయి మూడేళ్లయింది.

వరసకి పెద్దమ్మ అని పిలిచేవాణ్ణి కాని ఆవిడ మాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. చదువుకోలేదు. చిన్నప్పటినుంచీ వడికిన చెయ్యి. నేను డిగ్రీ చదివి, వేరే ఉద్యోగం దొరక్క, నాన్న మగ్గం మీదే కూర్చున్న రోజుల్లో సంఘం ఉత్తరాలన్నీ నా చేతే రాయించేది. అప్పట్లో సంఘం ఇచ్చే పత్తి వేళకి వచ్చేది కాదు. వారం, పది రోజులు ఆడవాళ్లు రాట్నం ముందు ఖాళీగా కూర్చునేవారు. అప్పటికే కుర్చీలో ఉన్న పాత అధ్యక్షుడు మంచి మాటకారి, కాని మా వీధుల్లోకి వచ్చేవాడు కాదు. ఎవరి ఇంట్లో రాట్నం ఆగిందో ఆయనకి తెలియదు. దాలినాయుడు అనే నేతగాడు అధ్యక్షుడైతే పత్తి సంగతి చూస్తాడని అందరి నమ్మకం. కాని అధ్యక్షుణ్ణి సభ్యులు నేరుగా ఎన్నుకోరు. సభ్యులు తొమ్మిదిమంది డైరెక్టర్లను ఎన్నుకుంటే, ఆ తొమ్మిదిమందీ చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు.

“ఒరే సిమ్మాచలం, మా వీధి తరపున నిన్ను నిలబెడతన్నాం,” అంది పెద్దమ్మ ఒకరోజు. “దాలినాయుడు పెసిడెంటవ్వాల. దానికి నీ సెయ్యి ఒకటి గావాల. అంతే.”

సరేనన్నాను. మోకాళ్ల నొప్పితో ఆవిడ ఇల్లిల్లూ తిరిగి నాకు ఓట్లు వేయించింది. గెలిచాను.

డైరెక్టర్ల ఎన్నికకీ అధ్యక్షుడి ఎన్నికకీ మధ్య వారం రోజులుంటాయి. ఆ వారంలో గెలిచినవాళ్లను ఎక్కడికో తీసుకుపోయి దాచడం మా వైపు ఎంత మామూలైపోయిందంటే, దాన్ని ఎవరూ తప్పనుకోరు. క్యాంపు అంటారు. రెండో రోజు సాయంత్రం పాత అధ్యక్షుడి కారొచ్చింది. అయిదుగురం ఎక్కాం. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఒక అతిథి గృహంలో దించారు. ఫోన్లు తీసుకున్నారు. పొద్దున్నే రొయ్యల కూర, రోజంతా గాలి. నాకెవరూ రూపాయి ఇవ్వలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు. అంతకన్నా చవకగా అమ్ముడుపోయాను. పాత అధ్యక్షుడు నన్ను ‘సింహాచలం గారూ’ అని పిలిచాడు. ఏదో ఉత్తరం చూపించి, ఇందులో మాటలు సరిగ్గా ఉన్నాయా అని అడిగాడు. ఉపాధ్యక్షుడి కుర్చీకి మీరే తగినవారన్నాడు. పుట్టి బుద్ధెరిగి నన్నెవరూ గారు అనలేదు. నాలుగు రోజులు వినేసరికి, నిజంగానే ఊరి మంచి ఊరివాళ్లకన్నా నాకే బాగా తెలుసు అనిపించింది.

ఎన్నిక రోజు మమ్మల్ని నేరుగా సంఘం గదికే తెచ్చారు. వరండాలో ఆడవాళ్లు కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్నారు. పాత అధ్యక్షుడి పేరు పిలిచారు. చెయ్యెత్తాను. అయిదు చేతులు ఒకవైపు, నాలుగు మరోవైపు. కిటికీవైపు చూడకూడదనుకుంటూనే చూశాను. తవిటమ్మ పెద్దమ్మ నా ముఖం చూడటం లేదు. నా చేతినే చూస్తోంది.

వారం రోజులు ఆవిడ కంటపడకుండా వీధి చుట్టూ తిరిగి, వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్లాను. చివరికి ఆవిడే గోడమీంచి కేకేసింది. వెళ్తే, తిట్టలేదు. ఒక చేప దవడ, గుప్పెడు పత్తి నా చేతిలో పెట్టి దువ్వమంది. దువ్వుతూ ఉండగా నేనే మొదలుపెట్టాను. దేశానికి రాష్ట్రపతినైనా జనం నేరుగా ఎన్నుకోవడం లేదు కదా, మనం పంపినవాళ్లే ఎన్నుకుంటున్నారు కదా అన్నాను. అందరూ నేరుగా ఓటేస్తే పెద్ద వీధులదే ఎప్పుడూ పైచేయి అవుతుంది, ఊరి శివారు చిన్న పాలేల మాట ఎవరు వింటారు అన్నాను. ఇంకా చాలానే అన్నాను. తప్పు చేసినవాడికి న్యాయం బాగా తెలుస్తుంది.

ఆవిడ అంతా విని, చేతిలో పని ఆపకుండా అంది: “రాష్ట్రపతిని నాను సూడనేదు. ఆరికి ఎలాగెయ్యాలో సదూకున్నోళ్లు మీకెరుక. దాలినాయుడు దినమూ నా గుమ్మం ముందునించి ఎల్తాడు. ఎరిగినోడికి ఓటెయ్యడానికి మద్దిన ఇంకోడెందుకురా?”

దవడ పళ్లలో చిక్కుకున్న దూది తీశాను.

“నీకిచ్చిన సెయ్యి నాది,” అంది. “దాన్ని అట్టుకెల్లి బోగాపురం సముద్రంలో ముంచీసి తెచ్చినావు. రొయ్యలు బాగున్నాయేటి?”

బాగున్నాయని చెప్పాను. అబద్ధమాడే ఓపిక లేదు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పదవీకాలమంతా నేను ఉపాధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాను. పత్తి ఆలస్యంగానే వచ్చింది. రాజీనామా చెయ్యాలని ఎన్నోసార్లు అనుకున్నాను, చెయ్యలేదు. అది రెండో తప్పు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. నిబంధన మార్చడం మా చేతుల్లో లేదు. పెద్దమ్మ దానికి దారి కనిపెట్టింది. డైరెక్టర్లు చేతులెత్తే ముందురోజు సంఘం వరండాలో చాప అడ్డం కట్టి, దాని వెనక రెండు కుండలు పెట్టించింది. ఒకటి దాలినాయుడిది, ఒకటి పాత అధ్యక్షుడిది. ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ లోపలికెళ్లి ఒక పత్తిగింజ తనకి నచ్చిన కుండలో వేసి రావాలి. ఏ కుండలో గింజలెక్కువుంటే డైరెక్టర్లందరూ అటే చెయ్యెత్తుతామని ముందే మాటివ్వాలి. మాటివ్వని వాడికి ఓటేసేది లేదని ఆడవాళ్లు కూడబలుక్కున్నారు. నేను మళ్లీ నిలబడనన్నాను. “తప్పు సేసినోడికే ఆ దారెరుక, నిలబడు,” అంది. నిలబడి గెలిచాను. చేసిన తప్పు ఈసారి దిద్దుకోవాలని, దాలినాయుడికి చెయ్యెత్తే రోజు కోసం ఎదురుచూశాను.

గింజలు నా చేతే లెక్కపెట్టించింది. పాత అధ్యక్షుడి కుండలోనే ఎక్కువున్నాయి.

నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను. జరిగింది ఏమిటంటే, గింజ వేసేది తొమ్మిదిమంది కాదు, అందరూ అని తెలియగానే ఆయన కారు దిగాడు. రెండు నెలలు పాలేలన్నీ తిరిగాడు. అరుగుల మీద కూర్చుని, ఎవరి రాట్నం ఎన్నిరోజులు ఆగిందో అడిగి తిట్లు తిన్నాడు. గెలుపు తనదే అనుకున్న దాలినాయుడు ఎవరి గుమ్మమూ ఎక్కలేదు.

మర్నాడు పాత అధ్యక్షుడి పేరు పిలిచినప్పుడు నా చెయ్యి లేవలేదు. ఎవరికి చెయ్యెత్తి ఒకసారి సిగ్గుపడ్డానో ఆయనకే మళ్లీ ఎత్తాలి. కిటికీవైపు చూశాను. పెద్దమ్మ తన గింజ దాలినాయుడికే వేసిందని ఊరంతటికీ తెలుసు. ఈసారి ఆవిడ నా చేతిని కాదు, ముఖాన్ని చూస్తోంది.

“ఎత్తరా,” అంది.

ఎత్తాను. తొమ్మిది చేతులూ లేచాయి. బయటికొచ్చాక, ఓడిపోయాం కదా పెద్దమ్మా అన్నాను. “ఓడిపోనాం. అయితే ఏటి? ఇప్పుడు ఆడికి నా పేరెరుక,” అంది. నిజమే. ఆ తరవాత పత్తి ఆలస్యమైతే ఆయన్ని పేరు పెట్టి పిలిచి నిలదీసేది. ఆలస్యాలు తగ్గాయి.

కుండల దుమ్ము తుడిచి వరండాలో పెట్టాను. ఒకదాని అడుగున పాత గింజ ఒకటి అంటుకుని ఉంది. గీకి తీయబోయి ఊరుకున్నాను. ఈసారీ నేను డైరెక్టర్నే. ఆదివారం ఏ పేరుకి చెయ్యెత్తాలో నాకు తెలియదు, తెలియకపోవడమే హాయిగా ఉంది. చెయ్యెత్తే ముందు అలవాటుగా కిటికీవైపు చూస్తాను. చువ్వల దగ్గర ఎవరో ఒకరు ఉంటారు.