వానాకాలంలో తల ఎటు పెట్టాలి

యోగా నేను పుస్తకం చూసి నేర్చుకున్నాను. నలుగురిలో చాప పరుచుకుని చేతులు చాచడం నా వల్ల కాదు. ఉబ్బసమని డాక్టర్ చెప్పాక మొదలుపెట్టాను. బడిలో చిన్నపిల్లలకు సాయంత్రం దాకా పాఠం చెప్పాలంటే పొద్దున్నే ఊపిరి కాస్త కుదుటపడి ఉండాలి.

ఎండాకాలం ఇబ్బంది లేదు. కోట ఊరి దగ్గర మా ఇంటి మిద్దె మీద తెల్లవారకముందు సముద్రపు గాలి తగులుతుంది. సూర్యనమస్కారాలు తగ్గించి, కూర్చుని శ్వాస చూసుకుంటాను. చలికాలం మంచు విడిచేదాకా ఆగుతాను. చిక్కంతా వానలతోనే. మిద్దె తడిసి ఉంటుంది, గదుల్లో అందరూ నిద్రలో ఉంటారు. మిగిలేది తూర్పు వసారా ఒక్కటే. దాని దక్షిణం కొసన నాన్న రొయ్యల మేత బస్తాలు పేరుస్తాడు. ఆ నుసి ముక్కుకు తగిలితే చాలు, నాకు పిల్లికూతలు మొదలవుతాయి. అందుకని చివర్లో శవాసనం వేసేటప్పుడు తల ఉత్తరానికి పెట్టుకునేదాన్ని.

పోయిన కార్తీకం వానల్లో అవ్వ చూసింది.

"ఉత్తరానికి తల పెట్టి పడుకోనుండావేంది మే? లెయ్."

"పడుకోలేదవ్వా, ఆసనం."

"ఏం ఆసనం?"

పేరు చెప్పే ధైర్యం లేకపోయింది. "విశ్రాంతిది," అన్నాను.

"ఇశ్రాంతి దక్షిణానికి తల పెడితే రాదా?"

మర్నాడు ఆమె మాటే విన్నాను. తల బస్తాల వైపు పెట్టాను. ఆ రోజు రెండో పీరియడ్‌కే గొంతు పోయింది. పిల్లలకు బోర్డు మీద రాసిచ్చి కుర్చీలో కూలబడ్డాను. తర్వాతి రోజు, బస్తాల నుసి పడదని అవ్వకు చెప్పి మళ్ళీ ఉత్తరానికి తిరిగితే, ఆమె గడపలో కూర్చుని కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటోంది. ఆమె అట్లా కూర్చుని ఉంటే నాకు ఊపిరి ఆడలేదు. కొన్నాళ్ళు ఆ ఆసనమే మానేశాను. ఒళ్ళు ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుండేది.

వాన ఎడతెరిపి లేకుండా కురుస్తున్న ఒక పొద్దున, వాదించే ఓపిక లేక, వసారాకు అడ్డంగా పడుకున్నాను. తల పడమటి గోడకు ఆనించాను. వెడల్పు చాలక కాళ్ళు మోకాళ్ళ దాకా చూరు బయటికి వచ్చాయి. జల్లు పాదాల మీద పడుతోంది.

అవ్వ వచ్చి నిలబడింది. "కాళ్ళు తడస్తా ఉండాయి గదా మే."

"తడవనీలే అవ్వా. తల పడమటికే పెట్టినా."

అవ్వ లోపలికి వెళ్ళి ఖాళీ మేత సంచి తెచ్చింది. వాసన చూసి, దాన్ని వసారా అవతల రెండుసార్లు దులిపి, నా కాళ్ళ మీద కప్పింది.

"ఇంగ పిల్లికూతలు రావుగా?"

వస్తున్నాయి, సన్నగా. రావని చెప్పడానికి నోరు తెరవబోయి, అంతలోనే నిద్రపోయాను.