ఐడీ కార్డు మీద చెయ్యి

ఈ రోజు ఎల్‌బీ నగర్‌లోని మా స్కూల్లో మూడో తరగతి పిల్లలకు ఆన్‌లైన్ జాగ్రత్తల గురించి చెప్పాను. పేరు, ఇల్లు, ఫోన్ నంబరు ముక్కూమొహం తెలియని వాళ్లకు ఇవ్వకూడదని పీరియడంతా గొంతు చించుకున్నాను. చివర్లో గ్రూప్ ఫోటో తీయడానికి ప్రిన్సిపాల్ సార్ వచ్చారు. ముందు వరసలో కూర్చున్న అక్షయ మెడలోని ఐడీ కార్డును అరచేత్తో మూసుకుంది.

"చెయ్యి తియ్యమ్మా" అన్నాను.

"దీంట్ల మా డాడీ నంబరుంది మిస్."

"ఏం కాదులే, ఫోటో పాడవుతుంది" అన్నాను. పాపం, తీసేసింది.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి ఫోన్ చూస్తే ఆ ఫోటో స్కూల్ పేజీలో ఉంది. పైన "మా పిల్లలు ఆన్‌లైన్‌లో సురక్షితం" అని రాశారు. కాస్త పెద్దది చేస్తే ముందు వరస పిల్లల పేర్లు, తండ్రుల నంబర్లు, ఇంటి నంబర్లతో సహా చదవొచ్చు. ఒళ్లు మండిపోయి స్టేషన్ మెట్ల మీదే నిలబడి సార్‌కి ఫోన్ చేశాను.

"అడ్మిషన్ల టైం మేడం. మస్తు లైకులొస్తున్నయ్, గిప్పుడు తీసేయమంటే ఎట్ల?"

"తీయకపోతే ఒక్కో తండ్రికీ నేనే ఫోన్ చేసి చెప్తాను సార్. నంబర్లన్నీ మీరే పెట్టారుగా!"

ఐదు నిమిషాల్లో ఫోటో మాయమైంది. నా కోపం మాత్రం పోలేదు. క్లాసు మొత్తంలో నా పాఠం విన్నది ఆ ఒక్క పిల్ల. ఆ చెయ్యి తీయించింది నేను. రేపు దాని మొహం చూసి ఏం చెప్పాలో మీరే చెప్పండి.