మా బావ బుగ్గలో ముక్క

మా బావ దేవేంద్రప్పను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన ముఖం కాదు, రెండో కుండ. నేను ఆయన తమ్ముడి భార్యను. పత్తికొండ పక్క పల్లెలో ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మొదటి వారంలోనే నాకు తెలిసింది, ఆదివారం వస్తే రెండు పొయ్యిలు వెలిగించాలని. ఒకదాని మీద అందరికీ మాంసం కూర. రెండో దాని మీద, వాసన కూడా తగలకుండా పెరట్లో ఆ మూల, బావ ఒక్కడికి చింతాకు పప్పో, పుల్లగూరో. పొరపాటున గరిటె మారిందా, ఒక్క ముద్దకే కనిపెట్టేసేవాడు. పల్లెత్తు మాట అనడు. గోడ అవతలికి వెళ్లి వాంతి చేసుకుని వచ్చేవాడు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మాంసం ముట్టనివాళ్లు లోకంలో లేరా? ఉన్నారు. జంగమయ్యలు తినరు, కోమట్లు తినరు, తులసిపూసలు వేసుకున్న దాసప్పలు తినరు. వాళ్లకొక దేవుడున్నాడు, వాళ్ల కుండ సంగతి ఆయన చూసుకుంటాడు. మా బావకు ఆ దేవుడు కూడా లేడాయె! నేను కాపురానికి రాకముందే ఆదోనికి శనక్కాయలు అమ్మబోయి, అంగడి వీధిలో ఎవరో దేవుడు లేడని ఉపన్యాసం చెబుతుంటే విని, ఇంటికొచ్చి తన తాయత్తు తెంపి దూడ మెడలో కట్టాడట. మా అత్త గిడ్డమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటే ఒకటే మాట చెప్పాడట.

"కనపడనీమ్మా, మొక్కుతా."

అప్పటి నుంచి అదే ఆయన ఊతపదం. ఎవరు ఏ గుడికి రమ్మన్నా అదే జవాబు.

ఊళ్లో జంగమయ్య శాంతయ్యకు ఈ మనిషి ఏ లెక్కలోనూ ఇమడలేదు. మా అరుగు మీద కూర్చుని రోజూ వాదన. లింగం కట్టుకుంటే మాంసం మానాలి, లింగం వద్దంటే మాంసం తినాలి, ఊరికే మానడానికి నువ్వేమన్నా గొర్రెవా అనేవాడు. గొర్రె మానితే లేని తప్పు నేను మానితే వచ్చిందా అనేవాడు బావ. వాళ్లిద్దరికీ మజ్జిగ పోయలేక నా చేతులు పడిపోయేవి.

ఊరివాళ్లు శాంతయ్యంత దూరం ఆలోచించలేదు. మాంసం ముట్టడు కాబట్టి దేవుని మనిషే అని తేల్చేశారు. దేవుడు లేడంటున్నాడు కదా అని ఎవరైనా అంటే దానికీ సమాధానం సిద్ధం. పెద్ద పెద్ద జ్ఞానులు అట్లాగే అంటారట, అంతా తానే అయినవాడికి వేరే దేవుడెందుకట. ఇక మంగళవారం వచ్చిందంటే నిమ్మకాయలు, టెంకాయలు పట్టుకుని వాకిట్లో జనం. ఒకాయన పాలివ్వని బర్రెను తోలుకొచ్చాడు. బావకు ఒళ్లు మండి "పో, పో" అని దాన్ని అదిలించాడు. ఆ పాడు బర్రె ఆ సాయంత్రమే చెంబు నిండా పాలిచ్చింది. కోపంతో నిమ్మకాయలు వీధిలోకి విసిరితే, ప్రసాదమని ఏరుకుని కొంగున కట్టుకున్నారు.

మీకు నవ్వులాటగానే ఉంటుంది. ఆయనకు మాత్రం కాదు. బావ మేనమామ చిన్న ఈరన్నది ఆలూరు పక్క ఊరు. ఆయన కూతురు రత్నమణిని చిన్నప్పుడే బావకని అనుకున్నారు. ఆ పిల్లంటే బావకు ప్రాణం. మామ బండి వచ్చిందని తెలిస్తే గుంటక చేలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. అయితే ఈ స్వామి అనే పేరు ఆలూరు దాకా పాకింది. సన్నాసికి పిల్లనిస్తే, రేపు కాషాయం కట్టుకుని కొండలెక్కితే పూచీ ఎవరిదని మామ వెనకడుగు వేశాడు. అన్న ఉండగానే తమ్ముడికి పెళ్లి చేసి నన్ను తెచ్చుకున్నది అందుకే. నాకు మాత్రం ఆ పిల్ల రావాలని ఒకటే ఆశ. రెండో పొయ్యి ఆమె చూసుకుంటుంది కదా!

ఆఖరికి మామ కబురు పంపాడు. మీ ఊరి సుంకులమ్మ దేవర జాతరకు ఇంటిల్లిపాదీ వస్తున్నాం, బంతిలో కూర్చుని అమ్మ పొట్టేలు ముక్క ఒక్కటి తింటే వాడూ మనుషుల్లో మనిషే, పిల్లనిస్తా, లేదంటే వేరే సంబంధం చూసుకుంటా అన్నాడు. బావ ఆ వారమంతా దయ్యం పట్టినవాడిలా తిరిగాడు. దేవర ముందురోజు నా దగ్గరికొచ్చి, "శానా చిన్నది చూసి ఎయ్యమ్మా" అన్నాడు.

దేవర నాడు మా వైపు ఒక ఆచారం ఉంది. పొట్టేలు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, విదిలించకపోతే కత్తి లేవకూడదు. ఆ రోజు పొట్టేలు విదిలించలేదు. కడవల కొద్దీ పోశారు, చెవిలో ఊదారు, డప్పులు పగిలేట్టు కొట్టారు. అది వేపమండ నములుతూ నిలబడింది. ఎండ నడినెత్తికొచ్చింది, పొయ్యిల మీద ఎసరు ఇంకిపోతోంది, పూనకం వచ్చిన ఆడవాళ్లకు ఆకలేసి పూనకం దిగిపోయింది. అప్పుడెవరో స్వామిని పిలవమన్నారు.

బావను రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. ఆయన కడవలో చెయ్యి పెట్టి చూసి మండిపడ్డాడు. పొద్దుటి నుంచి ఎండలో కాగిన నీళ్లు పోస్తే ఏ జీవమైనా హాయిగా నిలబడుతుంది గానీ విదిలిస్తుందా అని అందరినీ తిట్టి, బావిలో నుంచి చల్లటి నీళ్లు తోడించి, ఇందులో అమ్మా లేదు బొమ్మా లేదు చూడండని తానే గుమ్మరించాడు. పొట్టేలు కొమ్ముల నుంచి తోక దాకా విదిలించింది. ఆ తుంపర్లు మామ మొహాన పడ్డాయి. ఊరు ఊరంతా బావ కాళ్ల మీద పడింది.

అప్పుడు గానీ తానేం చేశాడో బావకు తెలియలేదు. పొట్టేలు ఆయన వైపే చూస్తోంది. పాపం, ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మధ్యాహ్నం బంతి వేశారు. పండగకు తప్ప ఉడకని వరి బువ్వ, దాని మీద పొట్టేలు కూర. నేను కుండంతా గాలించి రేగుకాయంత ముక్క పట్టి బావ విస్తట్లో వేశాను. ఎదురుగా మామ. బావ కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అంతే, అక్కడ ఆగిపోయింది. లోపలికీ పోదు, బయటికీ రాదు. బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు.

మామకు ఆనందం పట్టలేదు. కూర ఎట్లుందప్పా అని అడిగాడు. పలుకు లేదు. వానల సంగతి అడిగాడు. లేదు. పెళ్లెప్పుడు పెట్టుకుందామని అడిగాడు. తల ఊపితే ముక్క కదులుతుందని బావ తల కూడా ఊపలేదు, కళ్ల వెంట మాత్రం ధార కట్టింది. మౌనం పట్టాడని వెనక గుసగుసలు మొదలయ్యాయి. అవి ఆనందబాష్పాలని ఒకాయన తేల్చాడు. ఇంకొకాయన టెంకాయ కొట్టాడు. మామ విస్తరి ముందు నుంచి లేచి, చేయి కడిగి, కొత్త చెప్పులు తొడుక్కున్నాడు. "సన్నాసికి నా బిడ్డనియ్య. బండి కట్టండి" అన్నాడు. బావ ఏం చెప్పగలడు? చెప్పాలంటే నోరు తెరవాలి. అట్లాంటి కష్టం పగవాడికి కూడా వద్దు.

బంతిలో నీళ్లు పోస్తున్న రత్నమణి చెంబు కింద పెట్టి వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుంది. అందరూ మౌనం చూశారు, ఆ పిల్ల బుగ్గ చూసింది. ఆయన గడ్డం కింద దోసిలి పట్టింది.

"ఉమ్మేయ్ బావా."

ఆయన కళ్లతోనే వద్దన్నాడు. ఉమ్మితే ఈ పిల్ల దక్కదు.

"ఉమ్మేయ్. నేను యాడికీ పోను."

మామ కూతురి రెక్క పట్టుకోబోయాడు. సరిగ్గా అప్పుడే బావ నోరు తెరిచాడు. ముక్క దోసిట్లో పడింది, దాని వెంట వచ్చిన పొద్దుటి అంబలి మామ కొత్త చెప్పుల మీద పడింది. స్వాములు అట్లా కక్కరని మామకు నమ్మకం కుదిరినట్టుంది, కోపం కూడా మరిచిపోయి, ఏ దేవుడికి మొక్కి మానావురా అని అడిగాడు.

"ఏ దేవునికీ గాదు మామా. నా కడుపుకు పట్టదు, అంతే."

ఈ ముక్క ముందే ఏడవొచ్చు కదరా అన్నాడు మామ. పాపం చెబుతూనే ఉన్నాడు, విన్నదెవరు? దేవుడు లేడనేవాడితో ఎట్లా వేగుతావని మామ కూతుర్ని అడిగాడు. సుంకులమ్మ పేరెత్తితే పూనకం వచ్చే పిల్ల అది. కూర వండితే ఎముక కూడా మిగల్చదు.

"అమ్మకు మొక్కేది నేను మొక్కుకుంటా నాయినా. ఆయప్ప వంతు ముక్కలు గూడా నాకే గదా!"

బంతి బంతంతా ఘొల్లున నవ్వింది. మా బావ మూతి కూడా తుడుచుకోకుండా, రెండు చేతులూ ఎత్తి ఆ పిల్లకు మొక్కాడు.

పెళ్లైంది, నాకు రెండో పొయ్యి తప్పింది. నిమ్మకాయలు మాత్రం తప్పలేదు. స్వామి మొక్కాడంటే ఆమెలో ఏదో ఉందని జనం ఈసారి రత్నమణికి తెచ్చేవాళ్లు. మా తోడికోడలు ఒక్కటీ వెనక్కి పంపలేదు, జాడీలకు జాడీలు ఊరగాయ పెట్టింది.

ఒకనాడు శాంతయ్య మా అరుగు మీద ఆ ఊరగాయ తింటూనే, ఏ దేవుడికీ ఎత్తని చేతులు ఆ రోజు ఎందుకు ఎత్తావని బావను నిలదీశాడు. బావ లోపల పొయ్యి ఊదుతున్న రత్నమణి వైపు చూశాడు.

"కనపడింది గదప్పా" అన్నాడు.