షరతుల్లేని సీటు

జ్ఞానమణి అక్క దేన్నీ ఊరికే నమ్మదు. టౌరంగాలో మేమిద్దరం పనిచేసే వృద్ధుల రెస్ట్ హోమ్‌లో ఎవరైనా చాక్లెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెడితే అందరూ మూత తీస్తారు. ఆవిడ డబ్బా తిరగేసి ఎక్స్‌పైరీ డేటు చూస్తుంది. చర్చికి కొత్త కుటుంబం వచ్చి నవ్వుతూ పలకరిస్తే, వాళ్ళు ఇన్సూరెన్సు అమ్మేవాళ్ళేమో కనుక్కోమని నన్ను పంపిస్తుంది. సగంసార్లు ఆవిడ అనుమానమే నిజమవుతుంది. నాకు ఒళ్ళుమండేది అందుకే.

అలాంటి మనిషికి పోయిన నవంబరులో యూనివర్సిటీ నుంచి 'అన్‌కండిషనల్ ఆఫర్' వచ్చింది. హెల్త్ సైన్స్ డిగ్రీలో సీటు ఇస్తున్నాం, షరతులేమీ లేవు, డిసెంబరు పదిహేనులోగా ఒప్పుకుంటే చాలు అని.

"ఏమీ లేకపోవడమేంటే నిరుపమా?" అంది బ్రేక్ రూమ్‌లో ఫోన్ నా మొహం మీద పెట్టి. "పెళ్ళిచూపుల్లోనే అన్నిటికీ సరేనన్నాడంటే ఆ పిల్లోడిలో ఏదో లోపం ఉన్నట్టే."

ఆ సీటు ఆవిడకి సరదా కాదు. వయసు నలభై ఏడు. పద్నాలుగేళ్ళుగా మంచాన పడ్డవాళ్ళని అటూ ఇటూ తిప్పి, కూర్చోబెట్టి, నడిపించి నడుం అరిగిపోయింది. ఇంకో రెండేళ్ళకి మించి ఈ పని చేయలేవని డాక్టరు చెప్పేశాడు. కుర్చీలో కూర్చుని చేసే కోఆర్డినేటర్ ఉద్యోగం అడిగితే, మా దగ్గరే రెండుసార్లు డిగ్రీ లేదని పక్కన పెట్టారు.

అనుమానానికి కారణం లేకపోలేదు. ఆవిడ ఈ దేశం వచ్చింది కూడా ఒక ఆఫర్ లెటర్ పట్టుకునే. హైదరాబాదులో ఏజెంటు నాలుగు రోజుల్లో తెప్పించాడు, ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. తీరా ఆక్లండ్‌లో దిగి చూస్తే ఆ కాలేజీ ఒక బట్టలకొట్టు పైన రెండు గదులు. ఎనిమిది నెలలకి అదీ మూసేశారు. తర్వాత వీసా నిలబెట్టుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

అంచేత ఈసారి యూనివర్సిటీకే ఫోన్ చేసింది. మూడుసార్లు. మూడోసారి నన్ను పక్కన కూర్చోబెట్టి స్పీకర్ పెట్టింది. అవతల అడ్మిషన్ల ఆఫీసులో హెలెన్ అనే ఆవిడ, పాపం ఓపిక గల మనిషి.

"ఇంకా పరీక్షలు రాయాల్సిన స్కూలు పిల్లలకీ, ఇంగ్లీషు స్కోరు తేవాల్సిన విదేశీ విద్యార్థులకీ షరతులు పెడతాం," అంది హెలెన్. "మీరు ఇక్కడి రెసిడెంటు, ఇరవై దాటారు. మీకు స్కూలు మార్కులు అడగం. కేర్ సర్టిఫికెట్టు కోర్సు ఇక్కడే ఇంగ్లీషులో పాసయ్యారు. మీ దగ్గర్నుంచి మాకు ఇంకా రావాల్సింది ఏమీ లేదు."

"దీంట్లో మీకేంటి లాభం?" అంది అక్క.

నేను తలపట్టుకున్నాను. అవతల హెలెన్ నవ్వింది.

"నిజం చెప్పాలంటే, జనం రెండు మూడు చోట్ల అప్లై చేస్తారు. ఎవరు ముందు ఖాయంగా సీటిస్తే అటే పోతారు. మా సీట్లు నిండాలి కదా."

అక్క ఫోన్ పెట్టేసి, "ఈవిడ మాత్రం అబద్ధం చెప్పలేదు," అంది. ఎదుటివాడి స్వార్థం కనపడితే తప్ప ఆవిడకి మనశ్శాంతి ఉండదు. సరే, గొడవ వదిలిందనుకున్నాను.

వదల్లేదు. రెండు రోజులకి ఒక లావుపాటి ఫైలు తయారుచేసింది. పదో తరగతి మార్కుల దగ్గర్నుంచి టీకాల కార్డు దాకా అన్నీ నోటరీ చేయించిన కాపీలు.

"అడగలేదు కదక్కా?"

"ఇప్పుడు అడగరు. రేపు క్లాసులు మొదలయ్యాక అది లేదు, ఇది లేదు అని బయటికి గెంటితే నువ్వొచ్చి నిలబడతావా?"

ఫైలు చివర మా పాస్టరు ఫ్రాంక్లిన్ గారి ఉత్తరం. బడిలో సీటుకైనా, హాస్టలుకైనా, పెళ్ళి సంబంధానికైనా పాస్టరుగారి ఉత్తరం జతచేయడం మావాళ్ళ అలవాటు. ఆయన రాసి, కవరు అంటించి ఇచ్చారు. మిగతా కాగితాలన్నీ మూడేసిసార్లు చదివిన మనిషి ఆ ఒక్కటీ విప్పలేదు. దైవసేవకుడు అంటించిన కవరు చింపితే పాపమనుకుంది. మెయిల్ మీద నమ్మకం లేక తనే క్యాంపస్‌కి వెళ్ళి కౌంటర్లో ఇచ్చి వచ్చింది.

వారానికి జవాబొచ్చింది. ఆఫర్ ఇప్పుడు కండిషనల్. పాస్‌పోర్టులో, సర్టిఫికెట్లలో ఉన్న పేరు సత్యమ్మ. పాస్టరుగారు 'పన్నెండేళ్ళుగా నాకు తెలిసిన సోదరి జ్ఞానమణి' అని రాశారు. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం ఇవ్వాలి, గడువు అదే పదిహేనో తారీఖు.

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదే," అన్నాను. నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ నవ్వలేదు.

మావాళ్ళలో చాలామందికి రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, చర్చి రిజిస్టరులో ఒకటి. క్రైస్తవులమని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్టు పోతుంది. దాంతో హాస్టలూ, స్కాలర్‌షిప్పూ, ఉద్యోగమూ పోతాయి. ఊరవతల పేట మాత్రం పోదు. ఇది మోసమనేవాళ్ళు ముందు మా పేటలో నాలుగు రోజులు బతికి రావాలి.

"మా నాన్న పోయేముందు చెప్పిన మాటే," అంది అక్క. "రెండు పేర్లూ ఒకే కాగితం మీద పడనియ్యకమ్మా అన్నాడు. తమ్ముడు అక్కడ గుంటూరులో ఎస్సీ కోటాలో గవర్నమెంటు టీచరు. నా కాగితం ఎవడైనా తవ్వితే వాడి ఉద్యోగం ఏమవుద్ది? పోనీలే, నాకీ సీటొద్దు."

ఎంత చెప్పినా వినలేదు. టౌరంగాలో కాగితం గుంటూరులో ఎవరు చదువుతారని అడిగితే, "చదివేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు," అంది.

పదిహేను పొద్దున ఇద్దరికీ డ్యూటీ. ఒక పెద్దాయన్ని పక్కకి తిప్పుతుండగా అక్క నడుం పట్టేసింది. మంచం కమ్మీ పట్టుకుని వంగినచోటే ఉండిపోయింది. లేపబోతే వద్దని చెయ్యి ఊపింది. నిటారుగా నిలబడ్డాక చెంపలు తుడుచుకుని, "కారు తాళాలు ఉన్నాయా నీ దగ్గర?" అంది.

ఊళ్ళో లైబ్రరీలో ఒక పెద్దమనిషి బల్ల వేసుకుని కూర్చుని ప్రమాణపత్రాలు ధ్రువీకరిస్తాడు. జేపీ అంటారు ఇక్కడ. ఈ కాగితం ఇండియా వెళ్తుందా అని అక్క ఆయన్ని మూడుసార్లు అడిగింది. మీరు పంపితే తప్ప వెళ్ళదని ఆయన మూడుసార్లూ చెప్పాడు. అక్క సత్యమ్మ అని గబగబా సంతకం చేసేసింది. రెండో పేరు కింద కూడా చేస్తే మంచిదన్నాడాయన.

పెన్ను ఆగిపోయింది.

"ఈ పేరుకి నాకు సంతకం లేదే," అంది నాతో తెలుగులో.

కన్నతల్లి పిలిచిన పేరు, మొగుడు పిలిచే పేరు, మేమంతా ప్రార్థనలో తలుచుకునే పేరు. నలభై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా చేత్తో రాసి ఎవరికీ ఇవ్వలేదు. ఆవిడ బల్ల మీద వంగి, తెలుగులో, పలక మీద దిద్దినట్టు ఒక్కో అక్షరమే రాసింది. జేపీగారు తొందరపెట్టలేదు.

రెండు వీధుల అవతల క్యాంపస్. కౌంటర్లో హెలెన్ కాగితం చూసి, ఏదో టైపు చేసి, షరతు తీసేశానంది. అక్క అక్కడే నిలబడి ఫోన్‌లో 'ఒప్పుకుంటున్నాను' నొక్కింది. నొక్కేముందు ఆ పేజీ కింది దాకా చదివింది, అది వేరే సంగతి.

"స్టూడెంటు కార్డు మీద మీకు నచ్చిన పేరు వేయొచ్చు. ఏది వేయను?" అంది హెలెన్.

అక్క వెనక్కి తిరిగి చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"ఆ కార్డు ఎవరెవరు చూస్తారే?"

"అందరూ చూస్తారక్కా. లైబ్రరీలో, క్లాసులో, పరీక్షలో. మెళ్ళో వేసుకుని తిరగాలి."

అక్క తలుపు వైపు ఇంకోసారి చూసింది. తర్వాత హెలెన్ వైపు తిరిగి జ్ఞానమణి అని చెప్పి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం విడివిడిగా రాయించింది.

"చూడనీ," అంది నాతో.