ఇంకొకరి ఏప్రన్

సంధ్యారాణిని చూస్తే వనితకు కడుపు మండేది. ఇద్దరూ సిరిసిల్లలో ఒకే వాడ పిల్లలు, ఒకే కాలేజీలో డిగ్రీ చదివారు. బస్టాండు దారిలో కాఫీ షాపు తెరిచినప్పుడు ఇంటర్వ్యూకు కూడా కలిసే వెళ్లారు. సంధ్యను తీసుకున్నారు. వనిత ఇంటికొచ్చి, తల్లి పక్కన బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. గోధుమరంగు ఏప్రన్ కట్టుకుని సంధ్య గల్లీలోంచి పోతుంటే, ఆ నడకలో కూడా పొగరే కనబడేది. ఏప్రన్ కట్టుకుంటే నడక మారుతుందా? మారదు గానీ, చూసే కంట్లో కారం పడితే ఏదైనా అలాగే కనబడుతుంది.

ఈ ఎండాకాలం కాఫీ షాపు పిల్లలు సమ్మెకు దిగారు. తోచినప్పుడు తీసేయకూడదు, జీతం, సెలవులు అన్నీ యూనియన్‌తో కాగితం మీద ఒప్పందం చేసుకోవాలి అన్నారు. షాపు ముందే టెంటు వేశారు. సంధ్యకు రోగం కుదిరిందని వనిత లోలోపల సంబరపడింది.

ఆ సంబరం సాయంత్రం దాకా నిలవలేదు. వనిత తండ్రి ముత్యం మరమగ్గాల కార్మికుడు, ఎన్నో సమ్మెలు చూసినవాడు. షిఫ్టు దిగి నేరుగా ఆ టెంటుకు పోయి, సంధ్యతో "భయపడకు బిడ్డా, మేం లేమా" అన్నాడట. సొంత కూతురు డిగ్రీ పాసైతే "మంచిది" అని ఊరుకున్న మనిషి. ఉద్యోగం తీసుకుపోయింది చాలదా, బాపును కూడా తీసుకుపోవాలా అనుకుని వనిత అన్నం సగంలోనే లేచిపోయింది.

మర్నాడు షాపు మేనేజరు ఫోన్ చేసి, సంధ్య జాగాలో వెంటనే చేరమన్నాడు. వనిత రెండో మాట అనలేదు. వెనక తలుపు నుంచి రమ్మన్నా, సంధ్య చూడాలని టెంటు ముందు నుంచే లోపలికి పోయింది. ఇచ్చిన ఏప్రన్ కూడా సంధ్యదే. దాని మీది పేరు పట్టీ పీకి చెత్తబుట్టలో వేస్తే ప్రాణానికి హాయిగా అనిపించింది.

మధ్యాహ్నం ముత్యం ఖాళీ క్యాను పట్టుకుని వచ్చాడు. తిడతాడనుకుని వనిత జవాబులన్నీ సిద్ధం చేసుకుంది.

"మేడం, మా పోరగాండ్లు ఎండల కూసున్నరు. మీరు జర నీళ్లు పట్టిస్తరా?"

ఆ 'మీరు' ఏమిటో వనితకు తెలుసు. మరమగ్గాల వాడలో సమ్మె నాడు ఆపిన మగ్గాన్ని ఇంకొకడు నడిపితే వాణ్ని కొట్టరు, తిట్టరు. నిన్నటిదాకా అరే తురే అన్నవాళ్లంతా 'మీరు' అంటారు. ఆ మాట పడ్డవాడు ఆ వాడలో ఇక ఎవరికీ ఏమీ కాడు.

"గట్లనకు బాపూ. నేను పట్టుకొస్త."

"మీకెందుకు తక్లీఫ్" అన్నాడు ముత్యం, అదే గొంతుతో.

వనిత క్యాను లాక్కుని నింపింది. ఏప్రన్ విప్పి కౌంటరు మీద పడేసి, మేనేజరు పిలుస్తున్నా వినకుండా బయటికి నడిచింది. న్యాయం కోసమా అంటే, అంత దూరం ఆలోచించలేదు. బాపు తన చేత్తో సంధ్యకు నీళ్లు పోయడం చూడలేకపోయింది, అంతే.

బరువుకు ఆమె ఒరిగిపోతుంటే, సంధ్య టెంటులోంచి ఎదురొచ్చి క్యాను రెండో పక్క పట్టుకోబోయింది.

"ఇడిసిపెట్టు" అంది వనిత. "అందరికి నేనే పోస్త. నీకు గూడ."